ఆకాశం నుండి రన్‌వే వరకు

గడచిన సంక్రాంతికి ముందు మా అత్తగారు జీవితంలో మొదటిసారిగా విమానం ఎక్కారు. హైదరాబాదు నుండి ఢిల్లీకి, మా ఇంటికి వచ్చారు. ఆవిడ వయసు డెబ్బై ఆరు. ఆనాటి ఉదయం ఢిల్లీని దట్టమైన పొగమంచు కమ్మి ఉంది. విమానం ఆలస్యంగానైనా క్షేమంగా దిగింది. ఇంటికి చేరి, స్నానం ముగించి, కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్న తరువాత ఆవిడ నన్ను ఒక ప్రశ్న అడిగారు.

"బాబూ, కిటికీలోంచి చూస్తే నాకు రెక్క చివర కూడా కనబడలేదు. అంతా తెల్లగా పాలు పోసినట్లుంది. ఉన్నట్టుండి ధబ్బుమని నేల తగిలింది. నాకే ఏమీ కనబడలేదు కదా, మరి ఆ నడిపే ఆయనకు నేల ఎలా కనబడింది?"

"ముప్పై ఏళ్లుగా మీరు చేస్తున్న ఉద్యోగం అదేగా, చెప్పండి" అని మా ఆవిడ వంటింట్లో నుండి నవ్వింది. అప్పుడు గాని నాకు తట్టలేదు, ఇన్నేళ్లలో నేను చేసే పని ఏమిటో మా ఇంట్లో వారికి నేను ఏనాడూ విడమరచి చెప్పలేదని. బడిలో రాయమంటే మా పిల్లలు "నాన్నగారికి ఎయిర్‌పోర్టులో ఉద్యోగం" అని మాత్రమే రాసేవారు. మన సంస్థలో పనిచేసే అనేకమంది ఇళ్లలో ఇదే పరిస్థితి అని నా నమ్మకం. డిసెంబరు, జనవరి నెలల్లో మనం రాత్రి డ్యూటీకి ఎందుకు పరుగెడతామో మన కుటుంబ సభ్యులకు తెలియాలన్న ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంజనీరింగ్ చదివిన మిత్రులకు ఇందులో కొత్తదనం కనిపించకపోతే మన్నించగలరు.

గాలిలో వినిపించే సమాచారం

విమానం గమ్యానికి ఇంకా వంద, నూట యాభై మైళ్ల దూరంలో ఉండగానే పైలట్లు ఆ విమానాశ్రయపు ప్రత్యేక రేడియో ప్రసారాన్ని వింటారు. దానిని ఎటిస్ అంటారు. ఇది రాత్రింబవళ్లు ఆగకుండా తిరిగి తిరిగి వినిపించే ఒక చిన్న ప్రకటన. ప్రతి ప్రకటనకు ఇంగ్లీషు వర్ణమాలలోని ఒక అక్షరం పేరుగా ఉంటుంది. ఆల్ఫా, బ్రావో, ఛార్లీ అని వరుసగా సాగుతుంది. సమాచారం మారిన ప్రతిసారీ అక్షరం కూడా మారుతుంది. పైలట్ కంట్రోలరుతో మొదటిసారి మాట్లాడేటప్పుడు "మాకు ఛార్లీ అందింది" అంటాడు. అప్పటికే డెల్టా వచ్చి ఉంటే, అతని వద్ద ఉన్నది పాత సమాచారమని కంట్రోలరుకు వెంటనే తెలిసిపోతుంది. ఒక్క అక్షరంతో ఎంతో సంభాషణ ఆదా అవుతుంది.

శంషాబాదు విమానాశ్రయంలో ఒక శీతాకాలపు ఉదయం ప్రసారమయ్యే ప్రకటన ఎలా ఉంటుందో నమూనాగా చూద్దాం. "హైదరాబాద్, ఇన్ఫర్మేషన్ ఛార్లీ. సమయం 0030. ఐ.ఎల్.ఎస్. అప్రోచ్, రన్‌వే 09 కుడి. గాలి 060 డిగ్రీలు, 5 నాట్లు. దృశ్యత 800 మీటర్లు, పొగమంచు. ఉష్ణోగ్రత 15, డ్యూ పాయింట్ 15. క్యూ.ఎన్.హెచ్. 1015." వినడానికి పంచాంగ శ్రవణంలా అనిపించినా ఇందులోని ప్రతి అంకెకూ ఒక పని ఉన్నది.

సమయం 0030 అంటే అర్ధరాత్రి దాటి అరగంట అని కాదు. ప్రపంచమంతటా విమానయానానికి ఒకే గడియారం. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపితే మన దేశ కాలమానం వస్తుంది. అనగా ఇది ఉదయం 6 గంటల సమాచారం. రన్‌వే 09 అంటే దాదాపు 90 డిగ్రీల దిశగా, అనగా తూర్పు ముఖంగా ఉన్న రన్‌వే. అదే రన్‌వేను అవతలి కొస నుండి వాడితే పడమటి ముఖం, 270 డిగ్రీలు, దాని పేరు 27. శంషాబాదులో రెండు సమాంతర రన్‌వేలు ఉన్నాయి కనుక కుడి, ఎడమ అని చేర్చి చెబుతారు.

గాలి 060 డిగ్రీలు అంటే గాలి ఆ దిక్కు నుండి వీస్తున్నదని అర్థం, ఆ దిక్కుకు పోతున్నదని కాదు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. విమానం ఎప్పుడూ ఎదురుగాలిలో దిగడానికే ఇష్టపడుతుంది. ఎదురుగాలి ఉంటే నేలను తాకే వేగం తగ్గుతుంది, ఆగడానికి కావలసిన దూరమూ తగ్గుతుంది. అందుకే గాలి దిశ మారినప్పుడు రన్‌వే దిశ కూడా మారుస్తారు.

ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్ రెండూ 15 అని ఉన్నాయి. గాలిలోని తేమ మంచు బిందువులుగా మారే ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. ఈ రెండు అంకెలు దగ్గర పడుతున్న కొద్దీ పొగమంచు పుట్టే అవకాశం పెరుగుతుంది. ఆకాశం నిర్మలంగా, గాలి నిశ్చలంగా ఉన్న చలి రాత్రులలో నేల తన వేడిని కోల్పోయి చల్లబడుతుంది. దానిని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, అందులోని తేమ మంచుగా తేలుతుంది. దృశ్యత 1000 మీటర్ల కంటే తగ్గితే దానిని పొగమంచు అంటారు, అంతకంటే పలుచగా ఉంటే మంచుతెర. ఢిల్లీలోనే కాదు, జనవరి ఉదయాలలో మన గన్నవరం, రాజమండ్రి విమానాశ్రయాలలో కూడా ఈ అనుభవం ఉన్నదే.

మేఘాలను ఆకాశంలో ఎనిమిదో వంతుల చొప్పున లెక్కిస్తారు. ఒకటి రెండు వంతులు కొద్దిపాటి మేఘాలు, మూడు నాలుగు వంతులు చెదురు మేఘాలు, అయిదు నుండి ఏడు వరకు విరిగిన మేఘాలు, ఎనిమిదీ నిండితే పూర్తిగా కప్పిన ఆకాశం. ఈ పరిశీలనలన్నీ చేసేది వాతావరణ శాఖ సిబ్బంది. 1875లో ఏర్పడిన ఆ శాఖ వారు పెద్ద విమానాశ్రయాలలో అరగంటకొకసారి ఈ నివేదికను తయారు చేస్తారు. దానికి మెటార్ అని పేరు. పొగమంచు రోజుల్లో రన్‌వే పక్కనే అమర్చిన పరికరాలు రన్‌వే మీద ఎంత దూరం కనబడుతుందో కొలుస్తాయి. దీనిని ఆర్.వి.ఆర్. అంటారు. ఇటువంటి పరికరాన్ని బెంగళూరులోని జాతీయ వాంతరిక్ష ప్రయోగశాల వారు 'దృష్టి' అనే పేరుతో స్వదేశంలోనే రూపొందించడం మనందరికీ గర్వకారణం.

ఒక్క అంకె తేడా

ప్రకటనలో చివరిగా వచ్చిన క్యూ.ఎన్.హెచ్. 1015 అనే అంకెను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విమానంలో ఎత్తును చూపే ఆల్టిమీటరు నిజానికి ఒక బారోమీటరు. పైకి పోయే కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలను అది అడుగులలోకి మార్చి చూపుతుంది. అయితే నేల దగ్గరి పీడనం ఊరికీ ఊరికీ, పూటకూ పూటకూ మారుతూ ఉంటుంది. ఆనాటి పీడనం ఎంతో చెప్పి, ముల్లును సరిచేసుకొమ్మని చెప్పే అంకె క్యూ.ఎన్.హెచ్. ఇందులో ఒక హెక్టోపాస్కల్ తేడా వస్తే ఎత్తులో సుమారు 28 అడుగుల తేడా వస్తుంది.

2022 మే 23న పారిస్ నగరంలోని చార్లెస్ డిగాల్ విమానాశ్రయానికి వస్తున్న ఒక ఎయిర్‌బస్ విమానానికి కంట్రోలరు 1001 అనవలసిన చోట 1011 అని చెప్పాడు. పది హెక్టోపాస్కళ్లు, అనగా దాదాపు 280 అడుగులు. ఆల్టిమీటరు అన్నీ సవ్యంగానే ఉన్నట్లు చూపుతున్నది. విమానం మాత్రం ఉండవలసిన దానికంటే 280 అడుగులు కిందుగా మేఘాలలో దిగుతున్నది. రన్‌వే ఇంకా ఒక మైలు లోపు దూరంలో ఉండగా ఆ విమానం నేలకు కేవలం ఆరు అడుగుల ఎత్తు వరకు వచ్చింది. రన్‌వే కనబడనందున పైలట్లు అంతకు ముందే పైకి లేవాలని నిర్ణయించుకున్నారు. అందువలన అందరూ బ్రతికారు. ఆ వేళ ఆ రన్‌వేకు ఐ.ఎల్.ఎస్. పనిచేయడం లేదు. పైలట్లు ఉపగ్రహం ద్వారా దిశను, ఆల్టిమీటరు ద్వారా ఎత్తును తెలుసుకుంటూ దిగుతున్నారు. ఐ.ఎల్.ఎస్. ఉండి ఉంటే ఆల్టిమీటరుతో సంబంధం లేకుండా నేల నుండి వచ్చే కిరణమే వాలును చూపి ఉండేది. ఈ నివేదిక చదివిన నాటి నుండి నేను మా జూనియర్లకు ఒక మాట చెబుతున్నాను. రేడియోలో అంకె చెప్పిన తరువాత ఎదుటివారు దానిని తిరిగి చెప్పడం, మనం దానిని శ్రద్ధగా వినడం ఒట్టి ఆచారం కాదు, అది ప్రాణరక్షణ.

దారి చూపే గురుతులు

ఇక దారి సంగతి. ఆకాశంలో మైలురాళ్లు లేవు. వాటి స్థానంలో నేల మీద రేడియో కేంద్రాలు ఉంటాయి. వీటిలో అన్నింటికంటే పాతది ఎన్.డి.బి. ఇది అన్ని దిక్కులకూ ఒకే రకమైన సంకేతాన్ని పంపుతుంది. విమానంలోని ముల్లు ఆ కేంద్రం వైపు తిరిగి చూపుతుంది. సులభమైన పరికరమే గాని, ఉరుముల మేఘం దగ్గరగా ఉంటే ముల్లు కేంద్రాన్ని వదిలి మెరుపు వైపు తిరుగుతుంది. కాలక్రమంలో ఇవి కనుమరుగవుతున్నాయి.

దానికంటే మెరుగైనది వి.ఓ.ఆర్. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీది దీపస్తంభాన్ని తలచుకోండి. దాని కాంతి చుట్టూ తిరుగుతున్నది. ఆ కాంతి సరిగ్గా ఉత్తరాన్ని దాటే క్షణంలో మరొక దీపం అన్ని దిక్కులకూ ఒక్కసారి మెరిసిందనుకుందాం. సముద్రంలోని నావికుడు ఆ మెరుపు చూసిన క్షణం నుండి తిరిగే కాంతి తనను తాకే వరకు పట్టిన కాలాన్ని లెక్కిస్తే తాను దీపస్తంభానికి ఏ దిశలో ఉన్నాడో తెలుస్తుంది. వి.ఓ.ఆర్. చేసేది ఇదే, కాంతికి బదులు రేడియో తరంగాలతో, సెకనుకు 30 పర్యాయాలు. పొలాల మధ్య ఎత్తైన లోహపు వేదిక మీద గుండ్రంగా పేర్చిన తెల్లని గుమ్మటాల వలయం ఎక్కడైనా కనిపిస్తే, అది వి.ఓ.ఆర్. అని పిల్లలకు చూపించండి.

వి.ఓ.ఆర్. దిశను చెబుతుంది, దూరాన్ని చెప్పదు. ఆ పని డి.ఎం.ఇ.ది. విమానం ప్రశ్న పంపుతుంది, నేల మీది పరికరం సరిగ్గా 50 మైక్రోసెకన్లు ఆగి జవాబిస్తుంది. ఆ 50 తీసివేయగా మిగిలిన కాలం నుండి దూరం తెలుస్తుంది. ఒక నాటికల్ మైలు పోయి రావడానికి తరంగానికి పట్టేది సుమారు 12.36 మైక్రోసెకన్లు. బావిలోకి కేక వేసి ప్రతిధ్వని కోసం ఎదురుచూసే పిల్లవాని ఆట వంటిదే ఇది.

ఈ కేంద్రాలన్నీ తమ పేరును మోర్స్ సంకేతాలలో పలుకుతూ ఉంటాయి. మరమ్మతు జరుగుతున్నప్పుడు మేము ముందుగా ఆ పేరును తొలగిస్తాము. సంకేతం వస్తున్నా పేరు వినబడకపోతే దానిని నమ్మరాదని పైలట్లకు శిక్షణలోనే నేర్పుతారు. పేరు చెప్పని వాని మాట నమ్మవద్దని మన పెద్దలు చెప్పినట్లే.

రెండు స్వరాల మధ్య దారి

మా అత్తగారి ప్రశ్నకు అసలు జవాబు ఐ.ఎల్.ఎస్.లో ఉన్నది. ఇందులో ముఖ్య భాగాలు రెండు. మొదటిది లోకలైజర్. ఇది రన్‌వే అవతలి కొసకు ఆవల నిలిచి, వచ్చే విమానానికి ఎదురుగా రెండు కిరణాలను పంపుతుంది. వచ్చే పైలట్ దృష్టిలో ఎడమ వైపు కిరణంలో 90 హెర్ట్జ్ స్వరం, కుడి వైపు కిరణంలో 150 హెర్ట్జ్ స్వరం బలంగా ఉంటాయి. రెండు స్వరాలూ సమానంగా వినిపించే గీతే రన్‌వే నడిమి గీత. వీణ తీగను శ్రుతి చేసే వాని చెవి వలె విమానంలోని రిసీవరు ఈ రెండు స్వరాల తేడాను కొలిచి, ముల్లును కుడికో ఎడమకో జరుపుతుంది.

రెండవది గ్లైడ్ పాత్. ఇది రన్‌వే పక్కన, దాని మొదటి కొస నుండి సుమారు 300 మీటర్ల లోపల ఉంటుంది. ఇది కూడా అవే రెండు స్వరాలను వాడుతుంది, కాని పైకి కిందికి. పైన 90, కింద 150. రెండూ సమానమైన చోట సాధారణంగా మూడు డిగ్రీల వాలు ఏర్పడుతుంది. ఆ వాలు మీద విమానం ఒక నాటికల్ మైలు ముందుకు పోయేసరికి సుమారు 318 అడుగులు దిగుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అసలు వాలుకు ఎగువన, మరింత నిటారుగా, తప్పుడు వాలులు కూడా ఏర్పడతాయి. అందుకే పైలట్లు గ్లైడ్ పాత్‌ను ఎప్పుడూ కింది నుండి అందుకోవాలని నియమం.

గ్లైడ్ పాత్ కిరణం రూపుదిద్దుకోవడంలో దాని ముందున్న నేల కూడా ఒక అద్దంలా పాల్గొంటుంది. ఆ నేల చదునుగా ఉండాలి. అక్కడ గడ్డి ఎత్తుగా పెరిగినా, నీరు నిలిచినా అద్దం మారినట్లే. అందువలన మండుటెండలో అక్కడ గడ్డి కోసే కూలీ సోదరుడు కూడా విమానాన్ని దించేవారిలో ఒకడని నేను నిస్సంకోచంగా చెబుతాను.

రెండు వందల అడుగుల వద్ద

ఈ కిరణాల వెంట విమానం ఎంత కిందికి రావచ్చు? సాధారణమైన మొదటి శ్రేణి ఐ.ఎల్.ఎస్. అయితే 200 అడుగుల వరకు, ఆర్.వి.ఆర్. కనీసం 550 మీటర్లు ఉండాలి. రెండవ శ్రేణిలో 100 అడుగులు, 300 మీటర్లు. మూడవ శ్రేణిలో అంతకంటే తక్కువ. ఢిల్లీలో 50 మీటర్ల ఆర్.వి.ఆర్.లో కూడా విమానాలు దిగడానికి ఏర్పాట్లున్నాయి. అయితే అందుకు రన్‌వే ఒక్కటి సిద్ధంగా ఉంటే చాలదు. విమానంలో తగిన యంత్రాలు, పైలట్లకు తగిన శిక్షణ, రన్‌వే దీపాలు, ప్రత్యామ్నాయ విద్యుత్తు, అన్నీ ఆ శ్రేణికి తగినట్లు ఉండాలి. ఒకే ఉదయం ఒక విమానం దిగి, దాని వెనుకనున్నది జైపూరుకు మళ్లడానికి కారణం చాలాసార్లు ఇదే.

నిర్ణయపు ఎత్తు రాగానే పైలట్‌కు రన్‌వే గాని, దాని ముందున్న దీపాల వరుస గాని కనబడాలి. కనబడకపోతే మరొక ఆలోచన లేకుండా పైకి లేవాలి. రన్‌వే కనబడే వాతావరణంలో పాపి అనే నాలుగు దీపాల వరుస కూడా తోడుంటుంది. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే వాలు సరిగ్గా ఉన్నట్లు. నాలుగూ తెలుపైతే ఎక్కువ ఎత్తు, నాలుగూ ఎరుపైతే ప్రమాదకరమైన తక్కువ ఎత్తు.

పైకి లేవడం ఓటమి కాదు. 2010 మే 22న మంగళూరులో జరిగిన ప్రమాదంలో 158 మంది మరణించారు, 8 మంది మాత్రమే బ్రతికారు. విమానం ఉండవలసిన వాలు కంటే ఎంతో ఎత్తులో, ఎక్కువ వేగంతో వచ్చింది. కొండ మీది ఆ రన్‌వే పొడవు 8,033 అడుగులు కాగా విమానం చక్రాలు సుమారు 5,200 అడుగుల వద్ద నేలను తాకాయి. పైకి లేద్దామని సహ పైలట్ మూడుసార్లు చెప్పాడు, కెప్టెన్ వినలేదు. ప్రధాన కారణం అదేనని విచారణ సంఘం తేల్చింది. ఆ నివేదికలోనే మరొక వాక్యం ఉన్నది. ఆ రోజు అక్కడి రాడార్ పనిచేయనందున విమానానికి మామూలు కంటే తక్కువ దూరంలో దిగడానికి అనుమతి దొరికింది అన్నది. అది ప్రధాన కారణం కాదు, తోడైన కారణం మాత్రమే. కాని పరికరాలను సంరక్షించే మనవంటి వారికి ఆ ఒక్క వాక్యం నిద్ర పట్టనివ్వదు. మన లాగ్ బుక్కులో 'మరమ్మతులో ఉన్నది' అని రాసే ప్రతి పంక్తికీ అవతల ఒక విమానం ఉంటుంది.

ఒక డిసెంబరు ఉదయం

సుమారు పాతికేళ్ల క్రితం నేను ఒక చిన్న విమానాశ్రయంలో పనిచేస్తున్నాను. ఒక డిసెంబరు ఉదయం 700 మీటర్ల దృశ్యతతో పొగమంచు. ఏడు గంటలకు మొదటి విమానం రావాలి. ఆరుంపావుకు లోకలైజర్ మానిటరు అలారం మోగింది. ఐ.ఎల్.ఎస్. తన సంకేతాన్ని తానే అనుక్షణం పరీక్షించుకుంటుంది. గీత హద్దు దాటి పక్కకు జరిగితే మొదటి శ్రేణి లోకలైజర్ 10 సెకన్లలోపు ఆగిపోవాలి. మూడవ శ్రేణికైతే ఆ గడువు 2 సెకన్లే. ముందుగా రెండవ ట్రాన్స్‌మిటర్‌కు మారింది. అలారం పోలేదు. దానితో మొత్తం ఆగిపోయింది.

ఇంతలో ఫోను. "రెండు ట్రాన్స్‌మిటర్లూ ఒకేసారి చెడతాయా? మానిటరుదే తప్పు అయి ఉంటుంది. బైపాస్ చేసి నడిపించండి. విమానంలో పెద్దవారు ఉన్నారు" అని పై నుండి మాట వచ్చింది. మానిటరును పక్కనపెట్టి పరికరాన్ని నడిపే మీట ఒకటి ఉంటుంది. అది మరమ్మతు సమయాలకు ఉద్దేశించినది. నేను కుర్రవాణ్ణి. నా చేయి ఆ మీట దగ్గరకు వెళ్లిన మాట నిజం. నా పక్కన రెండేళ్లలో పదవీ విరమణ చేయబోతున్న టెక్నీషియన్ ఒకాయన ఉన్నారు.

"సార్, ఆపి ఉంచితే విమానం ఇంకో ఊరికి పోతుంది. పైలట్‌కు దారి లేదని తెలుసు కనుక దిగడు. మీరు నడిపితే దారి ఉందని నమ్మి దిగుతాడు. లేని దారితో భయం లేదు సార్, తప్పు దారితోనే భయం" అన్నారాయన.

నేను చేయి వెనక్కు తీసుకున్నాను. ఇద్దరం జీపులో, దీపాలు వేసుకుని, అడుగడుగునా ఆగుతూ లోకలైజర్ యాంటెనా దగ్గరకు వెళ్లాము. యాంటెనా ముందు, యాభై మీటర్ల దూరం కూడా లేని చోట, నీళ్ల ట్యాంకరు ఒకటి నిలబడి ఉంది. రాత్రి రన్‌వే పక్కన పనికి వచ్చిన దాని డ్రైవరు పొగమంచులో దారి తప్పి, ఎటు పోవాలో తెలియక బండి ఆపి, దుప్పటి కప్పుకుని క్యాబిన్‌లో నిద్రపోతున్నాడు. అంతటి లోహపు గోడ ముందుంటే కిరణం వంగుతుంది. మానిటరు చెప్పినది అక్షరాలా నిజం.

ట్యాంకరును తీయించి, రీడింగులన్నీ పాత లెక్కలతో సరిచూసి పరికరాన్ని తిరిగి ప్రారంభించేసరికి 7 గంటల 25 నిమిషాలు. విమానం అప్పటికే వేరే ఊరికి మళ్లింది. ప్రయాణికులు మధ్యాహ్నానికి బస్సులో వచ్చారు. వారిలో ఒక పెద్దాయన మనుమరాలి పెళ్లి ముహూర్తం తప్పిపోయిందని కౌంటరు దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నారు. నేను దూరంగా నిలబడి చూశాను. ఆయనకు చెప్పడానికి నా దగ్గర ఏ మాటా లేదు. నాకు సంజాయిషీ మెమో కూడా వచ్చింది. రీడింగుల కాగితాలు జతపరచి జవాబిచ్చాను. తరువాత దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ ట్యాంకరు ఆనాడు దారిని ఏ వైపు ఎంత వంచి ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేని దారిలో విమానాన్ని రమ్మనకూడదు. మా వృత్తిలో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉన్నది. అది నాకు కళాశాలలో కాదు, నా కంటే కింది హోదాలో ఉన్న ఒక పెద్దమనిషి వద్ద లభించింది.

ఉపగ్రహాల కాలంలో

ఇప్పుడు కాలం మారుతున్నది. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన 'గగన్' వ్యవస్థ అందుబాటులోకి వచ్చింది. దేశవ్యాప్తంగా ఉన్న 15 కేంద్రాలు జి.పి.ఎస్. సంకేతాలలోని దోషాన్ని కొలుస్తాయి. సవరణలు మన ఉపగ్రహాల ద్వారా విమానాలకు చేరుతాయి. 2015లో దీనికి ఎత్తును కూడా చూపే అప్రోచ్‌లకు ధ్రువీకరణ లభించింది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏ.టి.ఆర్. విమానం గగన్ సాయంతో దిగింది. ఐ.ఎల్.ఎస్. లేని చిన్న విమానాశ్రయాలకు ఇది వరం.

అయినంత మాత్రాన నేల మీది పరికరాలకు సెలవు ఇచ్చే రోజు రాలేదు. ఉపగ్రహ సంకేతం మనకు చేరేసరికి ఎంతో బలహీనంగా ఉంటుంది. దానిని అడ్డగించడం, తప్పుదారి పట్టించడం ప్రపంచంలో పలుచోట్ల జరుగుతున్నాయి. అటువంటప్పుడు పైలట్ మళ్లీ వి.ఓ.ఆర్., డి.ఎం.ఇ., ఐ.ఎల్.ఎస్.ల వైపే చూస్తాడు. కొత్త కారు కొన్నా పాత సైకిలుకు నూనె వేస్తూ ఉండవలసిందే.

మా అత్తగారికి ఇదంతా రెండు సాయంత్రాలు కూర్చుని చెప్పాను. స్వరాల సంగతి, వాలు సంగతి, ట్యాంకరు సంగతి కూడా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "అయితే బాబూ, ఆ నడిపే ఆయన చూడలేదన్నమాట, విన్నాడన్నమాట" అన్నారు. మూడేళ్ల డిప్లొమా తరగతిలో కూడా ఇంత క్లుప్తంగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

ఫిబ్రవరిలో ఆవిడ తిరిగి హైదరాబాదు చేరగానే ఫోను చేశారు. "ఈసారి ఎండగా ఉంది. చెరువులు, రోడ్లు, ఇళ్లు అన్నీ కనబడ్డాయి. అయినా మీవాళ్లు ఆ పరికరాల దగ్గర ఉన్నారుగా?" అని అడిగారు.

"ఉన్నారండీ, ఎప్పుడూ ఉంటారు" అన్నాను.